గుమ్మంలో చెప్పే మాట

ఈ ఉదయం ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే సిబోంగిలే నార్చీ ఒలిచింది. నార్చీ అంటే ఇక్కడ చలికాలంలో దొరికే చిన్న కమలాపండు. తొక్క వదులుగా ఉంటుంది, గోరు తగిలితే చాలు గదంతా వాసన నిండిపోతుంది. ఆ వాసనకి నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఒక్క క్షణం నేను పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆఫీసులో లేను. ఎస్ట్‌కోర్ట్ వెళ్ళే వ్యానులో ఉన్నాను. నల్ల కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని అప్పన్న పాస్టరు గారు ఒక్కొక్క తొన ఒలిచి నాకు అందిస్తున్నారు. "ఏమైంది?" అని సిబోంగిలే అడిగింది. ఏమీ లేదన్నాను. నోటితో చెప్పలేనివి రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు కనుక మొదటి నుంచీ రాస్తాను.

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక ఈ దేశంలో ఇంజనీర్లకు పని దొరుకుతోందని విని నాన్న కాకినాడ నుంచి డర్బన్ వచ్చాడు. కొన్నాళ్ళకు అమ్మా నేనూ వచ్చి చేరాం. మెరీబ్యాంక్‌లో అద్దె ఇల్లు. చుట్టూ ఉన్నవన్నీ మన ముఖాలే. నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లీషు, అది కూడా నేను పుస్తకాల్లో చదువుకున్న ఇంగ్లీషు కాదు. నేనొక మాట అంటే ఎదుటివాళ్ళు "ఏంటీ?" అని మళ్ళీ అడిగేవాళ్ళు. మళ్ళీ చెబితే మళ్ళీ అడిగేవాళ్ళు. ఆ తర్వాత చెప్పే ధైర్యం నాకుండేది కాదు. ముందే తక్కువ మాట్లాడేదాన్ని, ఇక్కడికొచ్చాక దాదాపు మానేశాను. లైబ్రరీ పుస్తకాలు చదువుకోవడం, డైరీ రాసుకోవడం, దగ్గర్లోని చమురు రిఫైనరీ వైపు నుంచి గాలి తిరిగినప్పుడు కిటికీలు మూయడం. నా రోజులు అలా గడిచేవి.

ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న క్రైస్తవ సంఘం ఉందని తెలిసి ఆదివారాలు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాం. ఆ సంఘానికి కాపరి అప్పన్న పాస్టరు గారు. పూర్తి పేరు డేవిడ్ అప్పన్న. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి మాటో వినబోతున్నట్టు నిలబడేవారు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చాడు. ఆ తాత పేరే తర్వాత ఇంటిపేరయింది. పాస్టరు గారికి తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. వాళ్ళ అమ్మ నోటి నుంచి విన్న తెలుగు మాత్రం ఆయన ఇంగ్లీషు మధ్యలో పప్పులో మిరియపు గింజల్లా తగులుతూ ఉండేది. ఆయన ఇంగ్లీషులో అన్నవి కూడా ఇక్కడ నేను తెలుగులోనే రాస్తున్నాను.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ టీ ఇస్తూ, ఉండబట్టలేక, "అయ్యగారూ, అప్పన్న అంటే సింహాచలం దేవుడి పేరండీ" అంది. నాన్న కంగారు పడి అమ్మ వైపు చూశాడు. పాస్టరు గారు కప్పు కింద పెట్టి, "హౌ!" అన్నారు. ఆశ్చర్యం వేస్తే జులూ వాళ్ళు అనే మాట అది, ఇక్కడ అందరి నోటా వినిపిస్తుంది. "అయితే ముందు దావీదు, వెనక సింహాచలం. ఇన్నేళ్ళూ నాకు తెలీకుండా ఇద్దరూ నన్ను మోస్తున్నారా, సిస్టర్?" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

ప్రార్థన చేసి లేచి, గుమ్మం దాకా వెళ్ళి, గొడుగు తీసుకుని, "ఎల్లొస్తామ్మా" అన్నారు. అమ్మ కళ్ళు ఒక్కసారిగా నిండిపోయాయి. ఆయన బెదిరిపోయారు. "ఏటి? తప్పు మాటా?"

"కాదండీ. ఇక్కడికొచ్చాక ఆ మాట ఎవరూ అనలేదు. అందరూ బై అనేసి పోతున్నారు."

"మా అమ్మ దగ్గర 'పోతా' అంటే చెంబు ఇసిరేది," అన్నారాయన. "'పోయేవాడు శవం. నువ్వు శవానివా? ఎల్లొస్తా అను' అని తిట్టేది. బడికెళ్ళినా అదే, దొడ్లోకెళ్ళినా అదే." మళ్ళీ గురువారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తెరిస్తే ఆయనే, గొడుగుతో. ఎందుకొచ్చారో నాన్నకి అర్థం కాలేదు. "ఎల్లొస్తానన్నాను కదా," అన్నారు పాస్టరు గారు, అంతకంటే కారణమేముంటుందన్నట్టు.

మనం రోజుకి పదిసార్లు అనే మాట అది. అందులో రావడం అనే సగం ఉందని మనకు గుర్తుండదు. ఆయన తెలుగులో మిగిలినవే కొన్ని మాటలు కాబట్టి కాబోలు, ఉన్నవాటిని పూర్తి అర్థంతో వాడేవారు. కారు లేదు. బస్సు, లేకపోతే నడక. ఏ ఇంటి గుమ్మంలో ఆ మాట అన్నారో ఆ ఇంటికి తప్పకుండా తిరిగి వెళ్ళేవారు. అలా వెళ్ళడాన్ని సంఘంలో కొందరు మెచ్చుకునేవాళ్ళు, కొందరు చాదస్తం అనేవాళ్ళు. నేను మాత్రం గురువారాల కోసం ఎదురుచూసేదాన్ని, లోపలి గదిలోంచే.

"ఈ అమ్మి మాటాడదా?" అని ఒకరోజు అమ్మని అడిగారు.

"రాస్తుందండీ. ఎప్పుడు చూసినా డైరీయే."

"ఏటి రాస్తావ్ అమ్మీ? నా మీద రాస్తున్నావా?" నేను తల అడ్డంగా ఊపాను. ఊపినంత మాత్రాన నమ్మే మనిషి కాదాయన. "రాస్తే మంచిగా రాయి. ముక్కు పెద్దదని రాయకు. మా ఆవిడకి తెలిసిపోద్ది." ఈ దేశం వచ్చాక పైకి వినపడేలా నేను నవ్వింది అప్పుడే.

ఆ సంఘం అప్పటికే ఖాళీ అవుతోంది. పాత ప్రభుత్వం ఒకప్పుడు ఇక్కడి భారతీయులందర్నీ ఉన్న ఇళ్ళలోంచి లేపి, ఇక్కడే ఉండాలని గీత గీసింది. ఆ గీత లోపలే వీళ్ళు ఇటుక ఇటుక పేర్చి గుడి కట్టుకున్నారు. ఇప్పుడు గీత చెరిగిపోయింది. చదువుకున్న పిల్లలు కొండమీది కొత్త పేటలకు, జోహన్నెస్‌బర్గ్‌కి, పెర్త్‌కి, టొరంటోకి వెళ్ళిపోతున్నారు. వెళ్ళడం తప్పు కాదు, దాని కోసమే కదా అందరూ అన్నేళ్ళు ఎదురుచూసింది. పాస్టరు గారు తన మొదటి ఓటు వేసిన రోజు గురించి మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. తర్వాత ఖాళీ బెంచీల వైపు చూసి, "నా ఓటు నేనే వేసి, నా బెంచీలు నేనే ఖాళీ చేసుకున్నాను" అనేవారు. నవ్వుతూనే అనేవారు. విన్నవాళ్ళు నవ్వలేకపోయేవాళ్ళు.

సంఘ కార్యదర్శి మోజెస్ అంకుల్ ఇళ్ళు అమ్మించే ఏజెంటు. కొత్త పేటల్లో ఎవరు ఎక్కడ ఇల్లు కొన్నారో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. సంఘం మీద ప్రేమ ఉన్న మనిషి. ఏదో ఒకటి చెయ్యకపోతే ఇంకో అయిదేళ్ళలో తలుపులు మూసుకోవాలని ఆయన బెంగ. ఇంటర్నెట్‌లో సంఘానికి ఒక పేజీ పెడదామని, వారం వారం పాస్టరు గారి సందేశం అందులో వేద్దామని ఆయనే ప్రతిపాదించాడు. "అది మన షాపు అద్దం, పాస్టర్. దారిన పోయేవాడు అద్దంలోంచి చూసి లోపలికొస్తాడు."

"అద్దం మంచిదే మోజెస్. లోపల మనిషి ఉండాలి కదా."

సందేశం టైపు చెయ్యడానికి ఎవరైనా కావాలన్నాడు మోజెస్ అంకుల్. పాస్టరు గారు నా వైపు వేలు చూపించారు.  ఆ శనివారం నుంచి మోజెస్ అంకుల్ ఆఫీసులో, అమ్మకానికున్న ఇళ్ళ ఫోటోల మధ్య, ఆయన చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని.

మొదటి శనివారం ఆయనకి ఒక్క మాట రాలేదు. కంప్యూటర్ వైపు చూసి గొంతు సవరించుకున్నారు, ఊరుకున్నారు. "ఎవరికి చెప్తున్నాను అమ్మీ?" అని అడిగారు. మోజెస్ అంకుల్ చెప్పిన మాటే నేనూ చెప్పాను: "ప్రపంచానికండీ."

"ప్రపంచానికి గుమ్మం లేదు కదా. ఎక్కడ నిలబడాలి?" కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "సరే. ఈ వారం ఫీనిక్స్ పేటలో మన రాచెల్ ఇంట్లో ఉన్నాం. కొడుకు మాట వినడంలేదు. ఆవిడ వంటింట్లోంచి రాదు, బీన్స్ కూర మాడిపోద్దని. నేను గట్టిగా మాట్లాడాలి. రాయి." ఇక ఆపకుండా చెప్పారు. ప్రతి వారం అలాగే, వెళ్ళిపోయిన కుటుంబాల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఆ ఇంట్లో కూర్చున్నట్టు. పేర్లు రాయవద్దనేవారు. చదివినవాళ్ళకి మాత్రం అది తమ వంటింట్లో అన్నట్టే ఉండేది. రాయడం అంటే ఒంటరిగా చేసే పని అనుకునేదాన్ని నేను. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని రాయడం ఆయన దగ్గరే చూశాను.

సందేశం అయిపోగానే లేచి నిలబడి, "ఎల్లొస్తా" అన్నారు. నేను టైపు చెయ్యకుండా ఆగాను. "అదీ రాయి," అన్నారు. అది ఎవరికీ అర్థం కాదని మోజెస్ అంకుల్ అటు నుంచి అన్నాడు. అప్పుడు పాస్టరు గారు తనే ఇంగ్లీషు చేశారు, ఉన్నది ఉన్నట్టుగా: నేను వెళ్తున్నాను, మళ్ళీ వస్తాను. ప్రతి సందేశం కింద ఆ వాక్యం, దాని కింద ఆయన పేరు. తెలుగువాళ్ళకి అది గుమ్మంలో మాట. మిగతా లోకానికి అదేమిటో మాకెవరికీ తట్టలేదు.

కొన్ని వారాలకి ఎక్కడో పరాయి దేశం నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. వెళ్తాను, మళ్ళీ వస్తానని శిష్యులతో అన్నది ప్రభువు మాత్రమేననీ, ఆ మాటని తన సంతకం పైన పెట్టుకుంటున్న మీ పాస్టరు తనని తాను క్రీస్తు అనుకుంటున్నాడా అనీ అందులో అడిగారు. మోజెస్ అంకుల్ ముఖం తెల్లబోయింది. సంఘ పెద్దల కమిటీ కూర్చుంది. టీ పోయడానికి నేనూ అమ్మా అక్కడున్నాం.

"ఆ వాక్యం తీసెయ్యాలి," అన్నాడు మోజెస్ అంకుల్. "జనం మనల్ని ఏదో పిచ్చి మతం అనుకుంటున్నారు."

పెద్దల్లో అందరికంటే వయసున్న రూబీ ఆంటీ కళ్ళద్దాలు తీసింది. "ఎవరూ? ఈ డేవిడా క్రీస్తు? పోయిన వారం మా ఇంట్లో గొడుగు మర్చిపోయాడు. క్రీస్తు గొడుగు మర్చిపోతాడా?"

గదంతా నవ్వింది. పాస్టరు గారు నవ్వలేదు. ఆయన దిగులు వేరు. "రాచెల్ ఇంటికి వెళ్తాను కాబట్టి ఆమెకి ఆ మాట చెప్పొచ్చు," అన్నారు నెమ్మదిగా. "పెర్త్‌లో ఉన్నవాడికి చెప్తే? ఎప్పటికీ వెళ్ళలేను. అబద్ధం చెప్తున్నానా?"  చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. వాక్యం ఉంటుంది. దానికి జవాబుగా ఎవరు రాసినా, బస్సు పోయే చోటైతే తాను వెళ్తారు, పోని చోటైతే ఫోను చేస్తారు. ఈమెయిళ్ళు మోజెస్ అంకుల్ ఆఫీసుకే వస్తాయి కనుక, వచ్చినవన్నీ కాగితం మీద అచ్చు తీసి ఆదివారం ఇవ్వాలి. "మాటేనా?" అని అడిగారు. "మాటే," అన్నాడు మోజెస్ అంకుల్. ప్రతి ఆదివారం కొన్ని కాగితాలు ఇస్తూ వచ్చాడు కూడా.

ఆ చలికాలంలో మోజెస్ అంకుల్ పెళ్ళికని కేప్‌టౌన్ వెళ్ళాడు. ఈమెయిళ్ళు చూడమని నాకు చెప్పి వెళ్ళాడు. శనివారం తెరిచాను. ఎస్ట్‌కోర్ట్ నుంచి శాంతి అనే ఆమె రాసింది. 'అమ్మ పోయింది. మీ పాస్టరు గారు ఇక రానవసరం లేదు. చెప్పడం మర్యాద కాబట్టి చెబుతున్నాను.' అంతే. దాని కింద ఆమె అంతకు ముందెప్పుడో రాసిన ఉత్తరమూ, దానికి మా సంఘం నుంచి వెళ్ళిన జవాబూ ఉన్నాయి.

ఆ మొదటి ఉత్తరం నాకు ఇప్పటికీ దాదాపు కంఠతా వచ్చు. వాళ్ళది బట్టల షాపు. వాళ్ళు మా సంఘంవాళ్ళు కాదు, హిందువులు. షాపు కంప్యూటర్లో ఏదో వెతుకుతుంటే మా పేజీ కనిపించిందట. బాగుందని మంచంలో ఉన్న తల్లికి చదివి వినిపించింది. చివరి వాక్యం చదవగానే ఆ ముసలామె కళ్ళు తెరిచి, 'ఎల్లొస్తా అన్నాడా?' అందట. శాంతికి తెలుగు రాదు, ఆ మాట ఏమిటో తెలియదు. తల్లే చెప్పింది, మన ఇళ్ళల్లో అలా అంటారని, అన్నవాళ్ళు వస్తారని. అప్పటి నుంచీ రోజూ ఒకటే ప్రశ్న: ఎల్లొస్తానన్న ఆయన ఇంకా రాలేదా? 'మీ పాస్టరు గారు నిజంగా వస్తారా? మతం మార్చమని కాదు. ఊరికే వచ్చి కాసేపు కూర్చుంటే చాలు. గేటు గడియ పెట్టొద్దంటోంది అమ్మ.' దానికి వెళ్ళిన జవాబు: మా పేజీ చూసినందుకు ధన్యవాదాలు. ఆదివారం ఆరాధన ఉదయం తొమ్మిదింటికి. అందరికీ స్వాగతం. కింద పాస్టరు గారి పేరు.

అచ్చు తీసి పాస్టరు గారింటికి పరిగెత్తాను. ఆయన వరండాలో కూర్చుని చదివారు. చదవడం అయిపోయాక కూడా కాగితం అలాగే పట్టుకుని ఉన్నారు. లోపల నుంచి ఆయన భార్య "ఏంటది?" అని అడిగింది.  ఆయన కాగితం మడిచి, "అమ్మీ, సోమవారం నాతో వస్తావా? ఒక్కడినే ఆ గేటు తీయలేను" అన్నారు.

సోమవారం పొద్దున్నే టాక్సీ అనే ఇరుకు వ్యానులో బయల్దేరాం. పీటర్‌మారిట్స్‌బర్గ్ దాటాక గడ్డి అంతా పసుపు రంగులోకి మారింది, దాని మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. దూరంగా కొండలు నీలంగా కనిపించాయి. ఆయన జేబులోంచి నార్చీలు తీసి ఒలిచి నాకిస్తూ వచ్చారు, తాను ఒక్క తొన కూడా తినలేదు. "ఆవిడ పేరేటి?" అని అడిగారు ఒకసారి. ఉత్తరంలో పేరు లేదన్నాను. "పేరు కూడా తెలీదు నాకు," అన్నారు కిటికీతో.

షాపు ముందు దుప్పట్లు వేలాడుతున్నాయి. లోపలున్న జులూ పనమ్మాయి ఆయన మెడ దగ్గర తెల్ల కాలరు చూసి, "మ్ఫుండిసి" అని నమస్కరించింది. జులూలో పాస్టరుని అలా పిలుస్తారు. ఆ మాట విని కౌంటరు వెనక నుంచి ఒకామె తలెత్తింది. నలభై ఏళ్ళుంటాయి. ఎవరో అడగలేదు.

"మీరేనా?" అంది.

"నేనేనమ్మా. ఆలస్యంగా వచ్చాను."

"ఆలస్యమా?" ఆమె దుప్పటి మడత పెడుతూనే ఉంది. "మీ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. తొమ్మిదింటికి ఆరాధన అని. మంచం దిగలేని మనిషికి."

నాకు ఒళ్ళు మండింది. ఆయన ఆ జవాబు రాయలేదని, ఆయన దాకా ఉత్తరమే రాలేదని చెప్పాలని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి కొత్తవాళ్ళ ముందు మాట్లాడబోయాను. ఆయన నా వైపు చూసి తల కొద్దిగా ఊపారు, వద్దని. "అది మా ఇంటి జవాబే అమ్మా," అన్నారు ఆమెతో. "కింద నా పేరే ఉంది."

ఆమె దుప్పటి వదిలేసింది.  తర్వాత మమ్మల్ని షాపు వెనకున్న ఇంట్లోకి తీసుకెళ్ళింది. తల్లి ఫోటోకి దండ వేసి దీపం పెట్టి ఉంది. పాస్టరు గారు బూట్లు విప్పి, ఆ ఫోటో ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ప్రార్థన చెయ్యలేదు, ప్రసంగం చెయ్యలేదు. పేరు అడిగారు. గౌరమ్మ. ఏ కూర ఇష్టం, ఎవర్ని ఎక్కువ తిట్టేది, ఏమని తిట్టేది, అన్నీ అడిగారు. "ఎదవ ముండా అనేది," అంది శాంతి. "అర్థం తెలీదు. ప్రేమగా ఉన్నప్పుడు కూడా అదే." పాస్టరు గారు నవ్వి, "మా అమ్మ కూడా" అన్నారు. ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వులోంచే ఏడ్చింది. మధ్యాహ్నం దాకా అలా కూర్చున్నారు. పోయిన మనిషిని పలకరించడానికి వచ్చినట్టే.

బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఆయన ఆగిపోయారు. కోటు వేసుకున్నారు, చేతులు జోడించారు, మాట మాత్రం రాలేదు. నాకు ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

"ఏం, అనరా?" అంది శాంతి. "ఆ మాట నేను ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదు. అమ్మ చెప్పడమే."

"ఎల్లొస్తామ్మా," అన్నారు. 

మోజెస్ అంకుల్ కేప్‌టౌన్ నుంచి వచ్చి, విషయం తెలిసి, సాయంత్రమే పాస్టరు గారింటికి వచ్చాడు. వారం సందేశం కోసం నేను అక్కడే ఉన్నాను. "మనవాళ్ళు కాదు కదా అనుకున్నాను," అన్నాడు. "అంత దూరం. మీ వయసు. మిమ్మల్ని ఎందుకు తిప్పడం అనుకున్నాను పాస్టర్." అబద్ధం చెప్పడంలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయని కూడా అతనే చెప్పాడు. పాస్టరు గారు కోప్పడలేదు. "మోజెస్, నువ్వు నాకు మాటిచ్చావు. నేను ఆమెకి ఇచ్చాను. నువ్వు రెండు మాటలు అనుకున్నావు. అది ఒకటే మాట." మోజెస్ అంకుల్ తల వంచుకున్నాడు. 

ఆ వారం పాస్టరు గారు చివరి వాక్యం తనే తీయించేశారు. కమిటీ ఎంత అడిగినా తియ్యని మనిషి. "ముఖం చూడకుండా చెప్పే మాట కాదది అమ్మీ. నాకు ఆలస్యంగా తెలిసింది." బదులుగా ఏం రాయమంటారని అడిగాను. "మా ఇంటి ఫోను నంబరు రాయి. మోగితే ఎత్తుతాను." మోగేది. ఎత్తేవారు. ఎస్ట్‌కోర్ట్‌కి మాత్రం నెలకోసారి తప్పకుండా వెళ్ళేవారు, ఎండైనా మంచైనా, తరచూ నన్ను వెంటబెట్టుకుని. శాంతి ఆయన కోసం నిమ్మకాయ ఊరగాయ దాచి ఉంచేది. మతం ఊసు ఒక్కసారీ రాలేదు.

తర్వాతి సంగతులు త్వరగా రాసేస్తాను. రాయడం కష్టంగా ఉంది. ఆయన షుగరు జబ్బు కాలికి దిగింది. కమిటీ ఆయనకి విశ్రాంతి ఇచ్చి కుర్ర పాస్టరుని తెచ్చింది. గిటార్లు వచ్చాయి, పేజీలో కదిలే బొమ్మలు వచ్చాయి, బెంచీలు కొంచెం నిండాయి కూడా. అది చూసి ఆయన సంతోషించారు. నిజంగానే సంతోషించారు, నాకు తెలుసు. ఆ తర్వాత ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. చూడ్డానికి వెళితే దుప్పటి పల్లంగా ఉన్న చోటికి నా చూపు వెళ్ళకుండా అవస్థ పడ్డాను. ఆయనే అటు చూపించారు. "చూశావా, 'ఎల్లొస్తా' అనకుండా పోయింది. మా అమ్మ ఉంటే చెంబు ఇసిరేది." నేను నవ్వలేకపోయాను. ఆయన నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

"శాంతికి పోయిన నెల మాట చెప్పొచ్చాను అమ్మీ."

"నేను వెళ్తానండీ."

"నువ్వా?" తల తిప్పి నన్ను పూర్తిగా చూశారు. "గుమ్మం దగ్గర ఏటి మాటాడతావ్?"

"తెలీదండీ."

"మంచిదే. తెలిసినోళ్ళు మరీ ఎక్కువ మాటాడతారు."

వెళ్ళాను. శాంతితో ఏం మాట్లాడానో గుర్తులేదు, పెద్దగా ఏమీ మాట్లాడి ఉండను. తిరిగొచ్చి ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆయనకి మగత. శాంతి ఆయన్ని అడిగిందని చెబితే, "గేటు?" అన్నారు. "తీసే ఉందండీ," అన్నాను. నా చెయ్యి పట్టుకుని పడుకున్నారు. ఆ వారం దాటలేదు.

సమాధి రోజున వెళ్ళిపోయిన కుటుంబాలన్నీ కొండల మీద నుంచి దిగి వచ్చాయి. అన్నాళ్ళ తర్వాత బెంచీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. శాంతి ఎస్ట్‌కోర్ట్ నుంచి వచ్చి వెనక బెంచీలో నా పక్కన కూర్చుంది, పాటలు రాక పెదవులు బిగించుకుని. మీరు ఏ సంఘం అని ఎవరో అడిగారు. "ఏ సంఘమూ కాదు. ఆయన మా ఇంటికి వచ్చేవారు," అంది. ఆ రోజు చాలామంది చాలా ప్రసంగాలు చేశారు. నా డైరీలో నేను రాసుకున్నది ఆమె మాట ఒక్కటే.

పేజీలో పాత సందేశాలు అలాగే ఉండిపోయాయి. ఆయన లేరని తెలియనివాళ్ళు ఆయనకే రాస్తూ ఉండేవాళ్ళు. కొన్నాళ్ళకి మోజెస్ అంకుల్ మా ఇంటికొచ్చాడు. చేతిలో అచ్చు తీసిన కాగితం, ముఖంలో మొహమాటం. "ప్రమీలా, ఇది టోంగాట్ నుంచి. భర్త పోయిన ముసలామె. కొత్త పాస్టరుకి తీరిక లేదు. నేను ఒక్కడినే వెళితే ఇల్లు అమ్ముతారా అని అడగడానికి వచ్చాననుకుంటుంది. నువ్వొస్తే కారు తీస్తాను." చెరుకు తోటల మధ్య నుంచి ఆ మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. అలా చాలాసార్లు వెళ్ళాం.

ఇప్పుడు నేను పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో కొన్ని సంఘాలకు కలిపి ఉన్న ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. వాటి సందేశాలను ఇంటర్నెట్‌లో పెట్టడం నా పని. 'మేము ఎల్లప్పుడూ మీతో ఉన్నాము' లాంటి వాక్యాలు రాసి పంపిస్తారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: పిలిస్తే ఎవరు వెళ్తారు? పేరు పంపితే వేస్తాను, లేకపోతే ఆ వాక్యం తీసేస్తాను. నన్ను మొండిదంటారని తెలుసు. కొన్నిసార్లు ఏ పేరూ రాదు, పిలుపు మాత్రం వస్తుంది. అలాంటప్పుడు చిరునామా రాసుకుని నేనే బయల్దేరతాను. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్తాను, గుమ్మం కనపడగానే అంతా మర్చిపోతాను.  అయినా తలుపు కొడతాను.